ఏడు సముద్రాల సరుకు

పిల్లలూ, ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో ఏది ముందో ఏది వెనకో నాకు ఒక్కోసారి కలిసిపోతోంది. ఓడ ముందు వచ్చిందా, మంచు ముందు వచ్చిందా అని నిన్నంతా ఆలోచించాను. మంచే ముందు వచ్చింది. అవును, మంచే. కథకు ప్రాణం అక్కడే ఉంది కాబట్టి అదొక్కటీ గట్టిగా పట్టుకుంటాను. మిగతావి అటూ ఇటూ అయితే మీరే సర్దుకోండి.

ఎప్పటి మాటో. సముద్రం నడుమ మగ్గాలదీవి అని ఒక రాజ్యం, దానికి హేమధ్వజుడని ఒక రాజు. ఆ దీవిలో జనం అన్నీ వాళ్ళే చేసుకునేవారు. వరి పండించేవారు, కొడవళ్ళు కొట్టేవారు, ఉప్పు వండేవారు, బట్ట నేసేవారు. అన్నీ బాగా చేసేవారని నేను అబద్ధం చెప్పను. వాళ్ళ కొడవలి కాసేపు కోసేసరికి వంకర తిరిగేది. వాళ్ళ ఉప్పు బూడిద రంగులో ఉండేది. వాళ్ళ బియ్యం వండితే ముద్ద కట్టేది. కాని బట్ట మాత్రం! చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం, కరక్కాయ నలుపు, పసుపుకొమ్ము పసుపు. ఆ రంగులతో వాళ్ళు నేసిన చీర ఆరేస్తే పక్షులు పూలతోట అనుకుని వాలేవి. కొత్తకోడలు ఇంటికొస్తే ముందు పొయ్యి చూపించరు, మగ్గం చూపిస్తారు. రాణి వకుళాదేవి కూడా రోజూ మగ్గం గుంటలో కూర్చోవలసిందే. అది ఆ దీవి ఆచారం.

రాజుకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు ఇంద్రధ్వజుడు కళ్ళతో చూసిందే నమ్మేవాడు. రెండోవాడు చిత్రధ్వజుడు అన్న నమ్మిందే నమ్మేవాడు. మూడోవాడు మీనధ్వజుడు దేన్నీ నమ్మేవాడు కాదు. చిన్నప్పుడు పాలగ్లాసు ఇస్తే మీగడ పక్కకు తోసి అడుగున ఏముందో చూశాకే తాగేవాడు. "వీడూ, వీడి అనుమానమూ కవలపిల్లలు" అని రాణి నవ్వేది.

ఇప్పుడు మంచు సంగతి. రాజుగారి తాతల కాలంలో ఒక ఏడాది సముద్రం మీద తెల్లటి మంచు దిగింది. దిగింది, మళ్ళీ లేవలేదు. పడవను ఎటు నడిపినా అది చుట్టు తిరిగి మగ్గాలదీవికే వచ్చేది. అంతకుముందు అవతల ఎవరితోనో రాకపోకలు ఉండేవని ముసలివాళ్ళు చెప్పుకునేవారు. ఆ ముసలివాళ్ళు పోయాక ఆ మాటా పోయింది.

అలా ఉండగా ఒకనాడు ఆ మంచును చీల్చుకుని పెద్ద ఓడ వచ్చింది. అందులోంచి పొడుగాటి మనిషి దిగాడు. పట్టు అంగీ, పాదాల దాకా వేలాడే అంగీ చేతులు, మొహం నిండా చిరునవ్వు. నోరు మాత్రం విప్పడు. అతని భుజం మీద ఒక చిలక. మాటలన్నీ ఆ చిలకవే.

"మహారాజా! మా అయ్యగారు సప్తసాగరులు. ఏడు సముద్రాలు దాటి వచ్చారు. ఇది వరిలంక బియ్యం, వండి చూడండి. ఇది కొలిమికొండ కొడవలి, కోసి చూడండి" అంది చిలక.

వండారు. మల్లెమొగ్గల్లాంటి అన్నం. కోశారు. కొడవలి గాలిని కూడా కోసింది.

"చూశారా! ఇంత బాగా నేసే చేతులతో బురద తొక్కడం ఎందుకు? ఇంత చెడ్డ కొడవళ్ళు కొట్టడం ఎందుకు? మీరు బట్ట నేయండి. వాళ్ళు వరి పండిస్తారు. ఆ పక్కవాళ్ళు ఇనుము కొడతారు. ఎవరికి వచ్చింది వాళ్ళు చేస్తే అందరికీ అన్నీ ఎక్కువే. మీకెందుకు శ్రమ? మేమున్నాం కదా!"

రాజు మంత్రులను చూశాడు. మంత్రులు అన్నం ముద్దలను చూశారు. తప్పు పట్టడానికి ఏమీ కనబడలేదు. మీనధ్వజుడికీ కనబడలేదు. అదే అతనికి నచ్చలేదు.

"చిలకమ్మా, ఆ వరిలంక వాళ్ళనే ఒకసారి తీసుకురారాదూ? మాట్లాడి చూస్తాం" అన్నాడు.

"అయ్యో చిన్నరాజా! వరిలంక వాళ్ళు అతిథి దొరికితే గాదెలో పాతిపెడతారు. కొలిమికొండ వాళ్ళకు ఇంతింత కోరలు. వాళ్ళ భాష మీకు రాదు, మీ భాష వాళ్ళకు రాదు. మధ్యన నేనున్నాను కదా!"

చిలక ఒక పద్ధతి కూడా పెట్టింది. ఒడ్డుకు కొంచెం దూరంలో ఇసుకదిబ్బ ఒకటి ఉంది. బట్టల మూటలు దాని మీద పెట్టాలి, డప్పు కొట్టాలి, వెనక్కి చూడకుండా వచ్చేయాలి. అప్పుడు ఓడ వచ్చి మూటలు తీసుకుని బియ్యం పెట్టి పోతుంది. ఎవరూ ఎవరి మొహమూ చూడకూడదు. జనం దానికి మాటలేని దిబ్బ అని పేరు పెట్టారు.

మొదటి ఓడ వెళ్ళాక వరిపొలాలన్నీ పత్తిచేలు అయ్యాయి. "మీకెందుకు శ్రమ? మేమున్నాం కదా!" అంది చిలక. రెండో ఓడ వెళ్ళాక కొలుములన్నీ చల్లారాయి. నాగళ్ళ కర్రలు మగ్గాల దూలాలయ్యాయి. "మీకెందుకు శ్రమ? మేమున్నాం కదా!" అంది చిలక. మూడో ఓడ వచ్చినప్పుడు, "అవతలి వాళ్ళు రంగులు అడగడం లేదు, తెల్ల పంచెలే కావాలంటున్నారు. రంగు బానలు మీకు అడ్డం కదా, మేమే తీసుకుపోతాం" అంది. బానలూ పోయాయి.

"బానలు అతనికెందుకు?" అన్నాడు మీనధ్వజుడు.

"ఒరే నాయనా, అడ్డం పోయినందుకు కూడా అనుమానమేనా?" అన్నాడు రాజు.

ఉన్నమాట చెప్పాలి. కొన్నేళ్ళు బాగానే గడిచింది. పిల్లలు బొద్దుగా పెరిగారు. పంచెలు మరీ సన్నగా, మరీ తెల్లగా వచ్చాయి. రాజు భోజనం దగ్గర చిన్నకొడుకును ఏడిపించేవాడు. "ఏరా, ఇవాళ నీ అనుమానానికి కూడా విస్తరి వేయమంటావా?" అని. మీనధ్వజుడు అందరికంటే ఎక్కువే తినేవాడు. తింటూ కిటికీలోంచి మంచు వైపు చూసేవాడు.

తర్వాత బస్తాలు తగ్గడం మొదలైంది. అన్నే మూటలు పెడితే బస్తాలు కొన్ని తక్కువ. ఇంకా పెడితే ఇంకా తక్కువ. అడిగితే, "సముద్రాల్లో తుఫానులు" అనేది చిలక. చివరికి ఒకనాడు ఇలా అంది:

"మహారాజా, ఇక మూటలతో కుదరదు. వచ్చే అమావాస్య పోటుకు ఓడ వస్తుంది. దిబ్బ మీద మీ కిరీటం పెట్టండి. మగ్గాలదీవి మా అయ్యగారిది అవుతుంది, మీకు అన్నం దొరుకుతుంది. కిరీటం లేకపోతే ఓడ వెనక్కి తిరుగుతుంది."

మళ్ళీ దున్నుకుందామంటే ఎద్దులు లేవు, నాగళ్ళు లేవు. విత్తనం వడ్లు ఎప్పుడో తినేశారు. ఏ కార్తెలో నారు పోయాలో చెప్పేవాళ్ళు లేరు. ఇంటికి మూడు మగ్గాలు, వీధికి ఒక పూట అన్నం. అదీ దీవి స్థితి.

"ఆ ఏడు సముద్రాలూ నేను చూసొస్తాను. నిజంగానే అంత దూరమైతే ఇచ్చేద్దాం" అన్నాడు ఇంద్రధ్వజుడు. "అన్నయ్యతో నేనూ" అన్నాడు చిత్రధ్వజుడు. చిలక కాదనలేదు. పైగా, "రండి రండి, మంచిచోటు చూసి కూర్చోండి" అంది. అది కాదనకపోవడమే మీనధ్వజుడి గుండెలో ముల్లులా గుచ్చుకుంది.

అన్నలు తిరిగొచ్చారు. ఇద్దరి కళ్ళూ మెరిసిపోతున్నాయి.

"నాన్నగారూ, నిజమే! మొదటిది ఎర్రసముద్రం. తర్వాత నీలం. తర్వాత నలుపు, తర్వాత పసుపు. అలా ఏడూ దాటాం. ఏడో దానికి ఒడ్డే కనబడలేదు. కళ్ళారా చూశాను, చేత్తో ముట్టుకున్నాను" అన్నాడు పెద్దవాడు.

రాజు మెల్లగా కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

మీనధ్వజుడు అన్న విప్పి పారేసిన ఉత్తరీయం తీశాడు. దాని అంచు ఎర్రగా మరకయ్యింది. వాసన చూశాడు. చిన్నప్పుడు రంగు బానల మధ్య దాగుడుమూతలు ఆడి, ఆ వాసనతోనే ఇంటికొచ్చి తల్లిచేత తిట్లు తిన్నవాడు అతను. ఆ అంచును కుంకుడురసంతో రుద్దాడు. ఎరుపు పోలేదు సరికదా, ఇంకా నిగ్గు తేలింది.

"అన్నయ్యా, ఇది సముద్రం ఎరుపు కాదు. మన చిరివేరు ఎరుపు. మన బానలు ఎక్కడికి పోయాయో ఇప్పుడు తెలిసింది."

"నీకు కళ్ళ ముందు ఉన్నదీ అనుమానమే!" అని ఇంద్రధ్వజుడు లేచిపోయాడు. చిత్రధ్వజుడు కూడా లేచిపోయాడు.

మీనధ్వజుడు ఓడ దించిన బస్తాల దగ్గరికి వెళ్ళాడు. ఒక్కొక్కటీ విప్పి, చెయ్యి అడుగుదాకా పోనిచ్చి వెతికాడు. ఒక బస్తాలో చల్లగా, మెత్తగా ఏదో తగిలింది.

"చెయ్యి తియ్యి అబ్బాయీ! కడుపులో వేలు పెడతావా?" అంది అది. బోదురుకప్ప. లావుగా, పెద్దరికంగా ఉంది.

"నువ్వెవరు?"

"కనబడటం లేదూ? కప్పమ్మని. పొలం గట్టున కునుకు తీస్తుంటే ఎవడో బస్తాతో పాటు ఎత్తేశాడు."

"ఏడు సముద్రాలు దాటి బతికే ఉన్నావా?"

కప్పమ్మ గొంతు ఉబ్బించి నవ్వింది. "ఏడు సముద్రాలా! ఉప్పునీళ్ళ మీద నాలుగు రోజులు తిప్పితే నేను ఆవకాయ ముక్కనై ఉండేదాన్ని. పొద్దున ఎక్కాను. ఒంటి మీద పొలం తడి ఇంకా ఆరలేదు, ముట్టుకుని చూడు. ఓడ ఒక్కచోటే గిరగిరా తిరిగింది. పైనుంచి బానలతో రంగునీళ్ళు కుమ్మరించారు. ఆ కంపుకు నాకు తల తిరిగింది."

"ఇంకేం చూశావు?"

"బస్తా కంతలోంచి అంతా చూశాను. ఆ పొడుగాయన ఉన్నాడే, మనిషి కాదు. చిలక మాట్లాడుతుంటే నవ్వుతాడు, నడుస్తాడు. చిలకకు కునుకు పట్టగానే గుడ్డలమూటలా కూలబడతాడు. ఊపిరి కూడా ఉండదు. వాడి ప్రాణం దాని నాలుక మీద ఉంది అబ్బాయీ. దాన్ని పట్టుకుందామని మాత్రం చూడకు. చెయ్యి దగ్గరకొస్తే పొగైపోతుంది."

"వరిలంకకు ఎలా పోను? పడవలన్నీ చుట్టు తిరిగి వస్తాయి."

"కళ్ళతో పోతే చుట్టే తిరుగుతావు. ఆ మంచు కళ్ళకే, చెవులకు కాదు. కళ్ళకు గంత కట్టుకో. నేను అరుస్తాను. అవతల పొలాల్లో నా వాళ్ళంతా బదులు అరుస్తారు. ఆ అరుపు వైపు తెడ్డు వెయ్యి."

మీనధ్వజుడు తల్లి దగ్గరికి పరిగెత్తాడు. వకుళాదేవి మగ్గం దగ్గర ఉంది.

"అమ్మా, నేను మంచులోకి పోతున్నాను. నువ్వు మగ్గం ఆపకు. అమావాస్య నాడు మరీ ఆపకు. ఆ చప్పుడు వింటేనే నేను ఇంటికి చేరతాను."

రాణి కొడుకు మొహం చూసింది. "అన్నం తినకుండా నేయగలను. నిద్ర లేకుండా నేయగలను. నువ్వు రాకపోతే మాత్రం నాకు చెయ్యి ఆడదురా" అంది. మళ్ళీ పోగుల మధ్యకు నాడె విసిరింది.

మర్నాడు తెల్లవారుతుండగా మీనధ్వజుడు చిన్న తెప్ప ఎక్కి, కళ్ళకు పంచెగుడ్డ కట్టుకుని, కప్పమ్మను ముందు కూర్చోబెట్టుకున్నాడు. కప్పమ్మ అరిచింది. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎక్కడో బెకబెకమని ఒక గొంతు, తర్వాత పది, తర్వాత వానాకాలం పొలమంతా ఒక్కసారి లేచినట్టు వెయ్యి గొంతులు. అతను ఆ చప్పుడు వైపు తెడ్డు వేశాడు. ఎండ చురుక్కుమనేలోగా తెప్ప బురదలో గుచ్చుకుంది. గంత విప్పి చూస్తే ఎదురుగా రోకలి ఎత్తి పట్టుకున్న పిల్ల. ఒంటి మీద గోనెగుడ్డ, మొహంలో రాజసం.

"కదిలావంటే నెత్తి పగులుతుంది. ఎవరు నువ్వు?"

"మగ్గాలదీవి రాజు మూడో కొడుకుని. మీనధ్వజుణ్ణి."

"అబద్ధం. మగ్గాలదీవి వాళ్ళు ఏడు సముద్రాల అవతల ఉంటారు. మనుషుల జుట్టు పీకి బట్ట నేస్తారు. వాళ్ళది గాడిద భాష."

"మరి నేను మాట్లాడేది ఏ భాష?"

రోకలి కొంచెం దిగింది. "మా భాషే. కాస్త వంకరగా ఉంది."

"మీదే వంకర" అన్నాడు మీనధ్వజుడు.

ఆ పిల్ల పేరు నీవార. తండ్రి పోయాక వరిలంకను తానే ఏలుతోంది. అక్కడ గాదెలు నిండి, చావళ్ళు నిండి, బయట పోసిన వడ్లు మొలకెత్తిపోతున్నాయి. జనం మాత్రం గోనెలు కట్టుకుని తిరుగుతున్నారు. ఇంటికి ఒకే పంచె, బయటికి వెళ్ళేవాడిది ఆ పంచె. "కందీ పెసరా వదిలేయండి, వరి ఒక్కటే వేయండి, మీకెందుకు శ్రమ" అని చిలక వాళ్ళకూ చెప్పిందట. బట్టల మూటలు ఏవని అడిగితే తుఫానులందట. అమావాస్య తర్వాత వాళ్ళ కిరీటం కూడా ఇమ్మని అడిగిందట.

నీవార అన్నం పెట్టించింది. మీనధ్వజుడు ముద్దను ఇటూ అటూ తిప్పి అడుగున చూశాడు.

"విషం పెట్టాననా?"

"నువ్వు ముందు తిను."

ఆమె పకపకా నవ్వింది. "వంటవాళ్ళతో నేనూ రోజూ అదే అంటాను! నేను తింటాను సరే, నువ్వు సప్తసాగరుడి మాయ కాదని నాకెలా తెలుస్తుంది? నేతగాడివి కదా, మా నాన్న పంచె ఇది. దీని చిరుగు కనబడకుండా చెయ్యి."

ఆమె అన్నం తిన్నది. అతను చిరుగు మీద పోగు పోగు కలిపి నేశాడు. ఆమె పంచెను వెలుతురుకు పట్టి, వెనక్కి తిప్పి, గోటితో గీకి చూసింది. చిరుగు ఎక్కడుందో ఆమెకే దొరకలేదు.

"సరే, నమ్మాను. సగం" అంది.

"నేనూ సగమే" అన్నాడు అతను.

ఇద్దరూ కప్పమ్మతో తెప్ప ఎక్కి, కళ్ళకు గంతలు కట్టుకుని కొలిమికొండకు బయల్దేరారు. అటువైపు నుంచి ఠంగు ఠంగుమని సమ్మెటల చప్పుడు వస్తోంది. ఆ చప్పుడు పట్టుకుని పోయారు. గంతలు విప్పేసరికి చుట్టూ ఎర్రగా కాల్చిన కమ్మీలు పట్టుకున్న జనం, మధ్యలో తలుపంత మనిషి. కొలిమికొండ రాణి లోహితాంబ.

"ఏడు సముద్రాల అవతల నుంచి వచ్చారా?"

"లేదమ్మా, పొద్దున బయల్దేరాం" అంది నీవార.

"గాదెలో మనుషుల్ని పాతేది మీరేనా?"

"గాదెలో వడ్లకే చోటు లేదు, మనుషుల్ని ఎక్కడ పెట్టను? మీకు కోరలున్నాయన్నారు, ఏవీ?"

లోహితాంబ నోరు తెరిచింది. తాంబూలం నమిలి గారపట్టిన పళ్ళు, అందులో ఒకటి ఊడింది కూడా. "ఉన్న పళ్ళే ఊడుతుంటే కోరలెక్కడివే పిల్లా!" అని కొండ అదిరేలా నవ్వింది. నవ్వు ఆగాక మాత్రం గొంతు తగ్గింది. "మేం కత్తులు కొట్టేవాళ్ళం. తర్వాత ఆ చిలక కొడవళ్ళే కొట్టమంది. తర్వాత మేకులే కొట్టమంది. మా కుర్రాళ్ళకు ఇప్పుడు మేకు తప్ప ఇంకోటి కొట్టడం రాదు. గుట్టలు గుట్టలు మేకులున్నాయి. మేకులు వండుకుని తినమా చెప్పు?"

"అమావాస్య నాడు ఆ సప్తసాగరుడు మా దిబ్బకు వస్తాడు. మనం ముగ్గురం అక్కడ ఒకేసారి నిలబడాలి. ఒకరి మొహం ఒకరికి కనబడాలి. వాడికి ఇష్టం లేనిది అదొక్కటే" అన్నాడు మీనధ్వజుడు.

"మీ ఊళ్ళో నిలబెట్టి మమ్మల్ని వాడికి అప్పగించవని ఏమిటి నమ్మకం?" అంది లోహితాంబ.

మీనధ్వజుడికి కోపం రాలేదు. తనైనా అదే అడిగి ఉండేవాడు. "నమ్మకం ఏమీ లేదు. నా తెప్ప మీ పడవల మధ్యలో ఉంటుంది. మోసమైతే నేనే మీ కమ్మీలకు దగ్గర."

అమావాస్య నాడు పడవలు బయల్దేరాయి. వరిలంక పడవల్లో ధాన్యం, కొలిమికొండ పడవల్లో నాగళ్ళు, కొడవళ్ళు. అందరి కళ్ళకూ గంతలు. మధ్యలో మీనధ్వజుడి తెప్ప. అతను చెవులు రిక్కించాడు. దీవిలో ఇంటింటా మగ్గాలు, ఆ చప్పుడు సముద్రం సగం దాకా వినబడాలి.

ఏమీ వినబడలేదు.

కిరీటం ఇచ్చేది చూడ్డానికి దీవి మొత్తం దిబ్బకు పోయింది. మగ్గాలన్నీ ఆగిపోయాయి. పడవలు ఒకదానికొకటి తగులుకోసాగాయి. "ఎటు అబ్బాయీ?" అంది కప్పమ్మ. "చెప్పానా, మోసం!" అన్నారు వెనక ఎవరో. మీనధ్వజుడి తెడ్డు గాలిలోనే ఆగింది.

అప్పుడు, చాలా దూరంలో, టక్. టకటక్. ఒక్క మగ్గం. మళ్ళీ టక్, టకటక్.

"మా అమ్మ" అన్నాడు మీనధ్వజుడు. "అటు పోనివ్వండి!"

మాటలేని దిబ్బ మీద రాజు కిరీటం పట్టుకుని నిలబడ్డాడు. పక్కన పెద్దకొడుకులు ఇద్దరూ తల దించుకున్నారు. సప్తసాగరుడు చిరునవ్వుతో చెయ్యి చాచాడు. భుజం మీద చిలక, "పెట్టండి మహారాజా, పెట్టండి!" అంటోంది. అంతలో మంచులోంచి పడవల ముక్కులు బయటపడ్డాయి. ఒకటి, రెండు, దిబ్బ పట్టనన్ని.

"దయ్యాలు! పారిపోండి!" అని చిలక కీచుమంది.

మీనధ్వజుడు దిబ్బ మీదికి దూకాడు. "నాన్నగారూ, కాసేపు ఆగండి. చిలకమ్మా, ఈమె వరిలంక రాణి. ఆమె భాష మాకు రాదన్నావుగా, కాస్త తిప్పి చెప్పు. ఏమంటోంది?"

నీవార గట్టిగా అంది: "మా దగ్గర అన్నం ఉంది, బట్ట లేదు. బట్ట ఇస్తే అన్నం ఇస్తాం."

అందరికీ ముక్క ముక్కా అర్థమైంది. చిలకకు అలవాటైన నోరు ఆగలేదు. "మీ పిల్లల్ని గాదెలో పాతిపెడతానంటోంది!" అంది.

జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తర్వాత దిబ్బంతా నవ్వింది. చిలక రెక్కలోంచి ఒక ఈక రాలింది. సప్తసాగరుడి చిరునవ్వు ఒక పక్కకు జారింది.

"బట్ట లేకపోవడమేమిటి తల్లీ? మా ఇళ్ళల్లో పంచెల మీదే పడుకుంటున్నాం!" అన్నాడొక నేతగాడు. ఈక రాలింది. "నాగలి కావాలా అబ్బాయీ? కందిపప్పు ఎవరి దగ్గరైనా ఉందా?" అంది లోహితాంబ. ఈక రాలింది. "అక్కా, ఈ గోనె ఏమిటి, ఇదిగో నా చీర కట్టుకో." ఈక. "మీకు కోరలు లేవేం?" ఈక. అటు వాళ్ళు ఇటూ, ఇటు వాళ్ళు అటూ కలిసిపోయి, ఎవరు ఏ దేశమో తెలియకుండా మాట్లాడుతున్నారు. చిలక అరుస్తోంది గాని దాని అరుపు ఎవరికీ పట్టలేదు. ఈకలు జలజలా రాలాయి. చివరి ఈక రాలగానే సప్తసాగరుడు నిలువునా కూలబడ్డాడు. మీనధ్వజుడు వెళ్ళి ఆ పట్టు అంగీని ఎత్తి, దాని చేతుల్లో, మడతల్లో వెతికాడు. లోపల ఎవరూ లేరు.

అప్పుడు మంచు లేచింది. రాజుగారి తాతల కాలంలో దిగిన మంచు. ఎదురుగా వరిలంక పచ్చటి పొలాలు, ఇటువైపు కొలిమికొండ పొగ. ఎంత దగ్గరంటే, వరిలంకలో ఎవరో ఆరేసిన గోనెగుడ్డ గాలికి ఊగడం కూడా కనబడింది. ఇంద్రధ్వజుడు చాలాసేపు చూశాడు. "చూశాను, కళ్ళారా చూశాను" అన్నాడు ఏడుపు గొంతుతో. చిత్రధ్వజుడు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

రాజు కిరీటం మీనధ్వజుడి చేతిలో పెట్టాడు. "నాయనా, ఇక రేవు మూసేద్దాం. మన వరి మనమే వేసుకుందాం, మన ఇనుము మనమే కొట్టుకుందాం."

"అప్పుడు నేను ఏం కట్టుకోవాలి మామగారూ?" అంది నీవార.

ఆమె మామగారూ అనడం రాజు విన్నాడు. మీనధ్వజుడు కూడా విన్నాడు. కప్పమ్మ కూడా విన్నది, గొంతు ఉబ్బించింది.

"చిలక చెప్పిందంతా అబద్ధం కాదు నాన్నగారూ" అన్నాడు మీనధ్వజుడు చెవులు ఎర్రబడగా. "వాళ్ళ వరి మంచిదే, మన బట్ట మంచిదే. మనం ఎక్కువ బట్టే నేద్దాం. కాని ఇల్లంతా ఊడ్చి మగ్గమే పెట్టకూడదు. ఎంత చెడ్డ బియ్యమైనా కొంత మనదీ పండాలి. ఎంత వంకర కొడవలైనా కొట్టే చెయ్యి ఒకటి ఉండాలి. రంగు బానలు మళ్ళీ పెట్టాలి. మధ్యన ఎవరో ఒక్కరే నిలబడి మాట్లాడటం మాత్రం ఇక వద్దు."

పెళ్ళి దిబ్బ మీదే జరిగింది. మగ్గాలదీవి వాళ్ళు ఎర్రచీర తెచ్చారు, వరిలంక వాళ్ళు తలంబ్రాలు తెచ్చారు, లోహితాంబ తాళిబొట్టు తానే కొట్టి తెచ్చింది. పెళ్ళిపీటల మీద నీవార చెవిలో అడిగాడు మీనధ్వజుడు: "ఇప్పుడైనా పూర్తిగా నమ్మావా?" "ముప్పాతిక" అంది ఆమె. ఆ బోడిచిలకకు కొత్త ఈకలు మొలిచాయి. అన్ని చిలకల్లాగే విన్నదే పలుకుతూ, జామకాయలు కొరుకుతూ నీవార పెరట్లో ఉండిపోయింది. కప్పమ్మను పల్లకిలో వరిలంక గట్టున దింపారు.

వాళ్ళిద్దరూ జుట్టు నెరిసేదాకా, మనవలు మీసాలు దువ్వేదాకా రాజ్యం ఏలారు. మాటలేని దిబ్బ మీద ఇప్పుడు సంత జరుగుతుంది. అంత గోల సంత సముద్రం మీద ఇంకోటి లేదు. వాళ్ళు ఏలే రోజుల్లోనే ఒకసారి దూరాన ఒక పెద్ద ఓడ కనబడింది. ముందు నిలబడ్డ మనిషి తియ్యగా కేకేస్తున్నాడు: ఎనిమిదో సముద్రం నుంచి వచ్చానని, ఎవరూ చూడని సరుకు తెచ్చానని.

"రేవు మూయమంటారా ప్రభూ?" అన్నారు భటులు.

మీనధ్వజుడు నీవార వైపు చూశాడు. నీవార ఓడ వైపు చూసింది.

"ఎందుకు మూయడం? రానివ్వండి" అంది. "సరుకు చేసినవాళ్ళను కూడా ముందు దిగమనండి. వాళ్ళ మొహాలు చూశాక సరుకు చూస్తాం."

అమ్మాయ్ ఇందుమతీ, ఇక్కడితో ఆపుతున్నాను. పిల్లలకు చదివి వినిపించే ముందు పేర్లు ఒకసారి చూడమ్మా. పెద్దవాడు ఇంద్రధ్వజుడనే అంతటా రాశానా? కొండ రాణిని ఎక్కడైనా లోహితాక్షి అన్నానేమో, అంటే కొట్టేసి లోహితాంబ అని దిద్దు.